గుజ్జు అరిగిన మోకాళ్లు, పై అంతస్తు కాపురం: ఒక ఫిజియోథెరపీ కేస్ స్టడీ

మోకాళ్ల నొప్పితో మా క్లినిక్‌కి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని రోజులు కరెంటు పెట్టాలి?" అని. అంటే నొప్పికి పెట్టే కరెంటు మెషీన్ సంగతి. ఈ కేసు కూడా అలాగే మొదలైంది. ఇందులో అద్భుతమేమీ లేదు. ఒంగోలులో, గుంటూరులో, ఖమ్మంలో ఏ ఫిజియోథెరపిస్టుని అడిగినా ఇలాంటి పేషెంట్లను రోజూ చూస్తుంటామనే చెబుతారు. అయినా పూర్తిగా రాయాలనిపించింది. ఎందుకంటే ఈవిడకి మోకాలి లోపలున్న అరుగుదల కన్నా దాని చుట్టూ జరుగుతున్నవే ఎక్కువ చెరుపు చేస్తున్నాయి: మందుల కవరు, మంచం ఎత్తు, ఇంట్లోవాళ్ల అతి జాగ్రత్త. ఆవిడా, వాళ్లబ్బాయీ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 66. అత్తవారి ఊరు కొండపి వైపు. పెళ్లైన దగ్గర్నుంచి పొగాకు పనే. పచ్చాకు కర్రలకు కట్టడం, బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) దించాక నేల మీద గొంతుక్కూర్చుని గంటల తరబడి గ్రేడింగ్ చేయడం, అంటే ఆకుని రకాలుగా ఏరడం. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద వంగి పనిచేసేవాళ్లకి మోకీలు అరుగుదల ఎక్కువగా వస్తుందని చాలా దేశాల్లో తేలింది. భర్త పోయాక ఒంగోలులో చిన్నకొడుకు దగ్గరికి వచ్చేశారు. మొదటి అంతస్తులో అద్దె ఇల్లు. లిఫ్ట్ లేదు.

నొప్పి రెండు మోకాళ్లలోనూ ఉంది, కుడివైపు ఎక్కువ. మొదలై ఐదేళ్లు. పొలం పనికి వెళ్లే రోజుల్లో సాయంత్రానికి సలిపేది, రాత్రి నూనె రాసుకుంటే తెల్లారేసరికి సర్దుకునేది. గత ఎనిమిది నెలలుగా మాత్రం బాగా ముదిరింది. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టం. కాసేపు కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు పట్టేసినట్టు ఉంటాయి. పొద్దున లేవగానే పది పదిహేను నిమిషాలు బిగుసుకుపోయి, తర్వాత వదులవుతాయి.

నొప్పి పదికి ఎంత అని అడిగితే మన పెద్దవాళ్లలో చాలామందికి అంకె తోచదు. "చానా ఉంటదమ్మాయ్" అంటారు. అందుకని నేను రూపాయి లెక్కలో అడుగుతాను. మెట్లు దిగేటప్పుడు రూపాయిలో డెబ్బై పైసలు, ఊరికే కూర్చున్నప్పుడు పావలా అన్నారు. మా ఫైలులో అవి 7, 2.5.

తొమ్మిదేళ్లుగా షుగరు, దానికి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. బీపీకి టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర. ఎత్తు 151 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. ఒంగోలు వచ్చాక ఐదు కిలోలు పెరిగారని కోడలు చెప్పింది. ఒక ఆర్థోపెడిక్ డాక్టరు రెండు మోకాళ్లూ మార్చాలన్నారు. కొడుకు సిద్ధంగానే ఉన్నాడు, ఆవిడకి భయం. బంధువుల్లో ఒకామె ఆపరేషన్ తర్వాత హాయిగా తిరుగుతోంది, పక్కింటావిడకి మాత్రం కాలు వంగడం లేదు. ఇద్దరి కథలూ ఆవిడకి కంఠస్థం.

"పది రోజులు కరెంటు పెట్టమ్మాయ్, తగ్గుద్దంట," అన్నారు కుర్చీలో కూర్చుంటూ. కూర్చోవడానికి రెండు చేతులూ ఆనించారు. నేను ముందు రాసుకున్నది అది.

మందుల కవరు

మోకాలి కన్నా ముందు కవరు చూడటం నా అలవాటు. ఈవిడ కవర్లో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన నొప్పి మాత్రల షీట్లు ఉన్నాయి. చీటీ లేదు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నెలల తరబడి. వాటితోపాటు గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమైన్ పొడి ప్యాకెట్లు, ఒక గ్యాస్ మాత్ర.

బీపీకి టెల్మిసార్టాన్, నీరు పోయించే హైడ్రోక్లోరోథయాజైడ్, వాటి మీద రోజూ నొప్పి మాత్ర. ఈ మూడూ కలిస్తే కిడ్నీలకి మంచిది కాదు, షుగరున్న మనిషికి మరీను. నొప్పి మాత్ర బీపీని కూడా పెంచుతుంది. మాత్రలు మార్చడం నా పని కాదు, కానీ చూసి ఊరుకోవడం కూడా సరికాదు. అదే రోజు ఒక చీటీ రాసి వాళ్ల ఫిజీషియన్ దగ్గరికి పంపాను. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. డాక్టరు నొప్పి మాత్ర ఆపేసి, అవసరమైన రోజున మాత్రమే పారాసెటమాల్ వేసుకోమన్నారు. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాశారు. జెల్ నుంచి రక్తంలోకి వెళ్లే మందు మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. మోకాలు చర్మానికి దగ్గరగా ఉండే కీలు కాబట్టి జెల్ అక్కడ బాగానే పనిచేస్తుంది. అయితే ఏదో బొట్టు పెట్టినట్టు కాకుండా, డాక్టరు చెప్పిన కొలతలో, రోజుకి చెప్పినన్నిసార్లు రాయాలి. మన ఇళ్లలో ఒక ట్యూబు మూడు నెలలు వస్తుంది, తర్వాత "జెల్ పనిచేయలేదు" అంటారు.

రెండు నెలల తర్వాత క్రియాటినిన్ 1.1కి దిగింది. ఈ కేసులో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన అంకె ఏదంటే ఇదే చెబుతాను.

కుడి మోకాల్లోకి అంతకుముందు ఏడాదిలో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడ్డాయి. మొదటిది నెలన్నర పనిచేసింది, రెండోది అంత కూడా లేదు. రెండుసార్లూ కొద్దిరోజులు షుగరు మూడొందలు దాటింది. ఈ ఇంజెక్షన్‌కి నేను వ్యతిరేకిని కాను. వాచి, కదల్చలేని మోకాలికి కొన్ని వారాల ఊరట ఇస్తుంది, ఆ ఊరటలో కండరం పెంచుకోవచ్చు. కానీ ఊరట దొరికిన నెలన్నరా మంచం మీదే గడిస్తే ఏం లాభం? 2017లో వచ్చిన ఒక అమెరికన్ ట్రయల్‌లో 140 మందికి రెండేళ్లపాటు పన్నెండు వారాలకోసారి సగం మందికి స్టెరాయిడ్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి చూశారు. నొప్పిలో తేడా లేదు, స్టెరాయిడ్ పడ్డవాళ్లలో మాత్రం గుజ్జు కాస్త ఎక్కువ తరిగింది. మూడో ఇంజెక్షన్ అడగాలనుకుంటున్న కొడుక్కి ఈ సంగతి చెప్పాను. గ్లూకోసమైన్ గురించి ఒక్క మాటే చెప్పాను: ఆ డబ్బులతో గుడ్లు కొనండి.

పరీక్షలో కనిపించింది

నిలబెడితే కుడి మోకాలు కొంచెం బయటికి వంగి ఉంది, దొడ్డికాళ్లలాగా, కానీ తక్కువే. కుడి కాలు పూర్తిగా చాచలేరు, పది డిగ్రీలు మిగిలిపోతోంది. వంచితే 105 దాకా వస్తోంది. ఎడమది పూర్తిగా చాచగలరు, 115 దాకా వంగుతుంది. వేడి లేదు, వాపు కొద్దిగా ఉంది. చిప్ప మీద చేయి పెట్టి వంచి చాపిస్తే కరకరమంటోంది. ఆ చప్పుడుకే ఆవిడ సగం భయపడుతున్నారు. నొప్పి లేని మోకాళ్లు కూడా ఎన్నో అలా చప్పుడు చేస్తాయని చెప్పి, వాళ్ల కోడలి మోకాలి మీద చేయి పెట్టించాను. ఆ అమ్మాయి మోకాలూ కరకరలాడింది.

నొక్కితే నొప్పి రెండు చోట్ల ఉంది. ఒకటి మోకీలు లోపలి అంచున, అది ఊహించిందే. రెండోది దానికి మూడు వేళ్ల కింద, కాలి ఎముక లోపలి వైపున. అక్కడ మూడు కండరాల స్నాయువులు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) వచ్చి అతుక్కుంటాయి, వాటి కింద చిన్న నీటి సంచి ఉంటుంది. బరువెక్కిన, షుగరున్న ఆడవాళ్లలో ఈ చోట వాపు తరచూ చూస్తాం. మెట్లు ఎక్కేటప్పుడు, రాత్రి పక్కకి తిరిగి పడుకుని మోకాళ్లు ఒకదానికొకటి ఆనినప్పుడు పోటు వస్తుంది. ఈవిడ రాత్రి నొప్పికి చాలావరకు కారణం ఇదే. అంటే "గుజ్జు అరిగిన నొప్పి" అని ఇంట్లో అందరూ అనుకుంటున్నదాంట్లో ఒక వాటా అసలు కీలు లోపలిదే కాదు.

తుంటి కీలు కూడా తిప్పి చూశాను. తుంటిలో జబ్బుంటే నొప్పి మోకాల్లో కనిపించడం కొత్త కాదు. అది బాగుంది. పాదాల్లో స్పర్శ చూశాను, పర్వాలేదు. పుట్టిల్లు కనిగిరి దగ్గరని తెలిశాక నీళ్ల గురించి కూడా అడిగాను. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు చెడే జబ్బుని) మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోదే. ఆ వైపు వాళ్లు, నల్గొండ వాళ్లు మోకాళ్ల నొప్పంటూ వస్తే మెడ, నడుము ఎంత వంగుతున్నాయో చూడకుండా పంపకూడదు. ఈవిడ మెడ బాగా తిరుగుతోంది, గడ్డం ఛాతీకి ఆనుతోంది, పళ్ల మీద చారలు లేవు. ఆ అనుమానం అక్కడితో వదిలేశాను.

జ్వరం, ఎర్రగా వేడెక్కిన కీలు, పిక్క వాపు, పడిపోవడం, కీలు ఉన్నట్టుండి ఇరుక్కుపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం: ఇవేవీ లేవు. వీటిలో ఏ ఒక్కటున్నా ఎక్సర్‌సైజుల మాట ఎత్తకుండా డాక్టరు దగ్గరికి పంపాల్సిందే.

తర్వాత పని పరీక్షలు. చేతులు ఛాతీకి కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో చూస్తాం. ఆవిడ వయసు ఆడవాళ్లు 11కి తగ్గకుండా లేవాలి. ఈవిడ 5 సార్లు, ఐదోసారి సగంలో తూలారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోడానికి 17 సెకన్లు పట్టింది. 12 గానీ అంతకుమించి గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. కుడి తొడ చుట్టుకొలత ఎడమకన్నా రెండు సెంటీమీటర్లు తక్కువ.

రెండు ఎక్స్-రేలు

కొడుకు తెచ్చిన ఎక్స్-రే పడుకోబెట్టి తీసింది. మోకాళ్లకి నిలబెట్టి తీయాలి. ఒంటి బరువు పడితేనే ఎముకల మధ్య ఖాళీ ఎంత మిగిలిందో తెలుస్తుంది. నిజానికి 45 దాటిన మనిషికి పని చేస్తే వచ్చే నొప్పి ఉండి, పొద్దుటి బిగుతు అరగంట మించకుండా ఉంటే, ఎక్స్-రే లేకుండానే మోకీలు అరుగుదల అని నిర్ధారించవచ్చని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర ఎక్స్-రే లేకుండా ఎవరూ నమ్మరు. ఆపరేషన్ మాట కూడా వచ్చింది కాబట్టి నిలబెట్టి తీయించడం మేలేననిపించింది. కుడి మోకాలు గ్రేడు 3, ఎడమది గ్రేడు 2. ఇవి 1957 నుంచి వాడుతున్న కెల్‌గ్రెన్-లారెన్స్ కొలమానంలోని గ్రేడ్లు. నాలుగు అంటే ఖాళీ దాదాపు లేనట్టు.

ఇంతలో కోడలు బీరువాలోంచి ఇంకో ఫిల్ము తీసుకొచ్చింది. రెండేళ్ల కిందట ఊళ్లో ఉండగా తీయించింది, అదృష్టవశాత్తూ నిలబెట్టి తీసిందే. రెండూ లైటు ముందు పక్కపక్కన పెట్టాను. తేడా ఉంది, కానీ వెతికితే కనిపించేంత. రెండేళ్ల కిందట ఈ మోకాళ్లతోనే ఆవిడ గ్రేడింగ్‌కి వెళ్లారు, నీళ్ల బిందె మోశారు. మరి ఎనిమిది నెలల్లో మారిందేమిటి?

ఇల్లు మారింది. ఒంగోలు ఇంట్లో కొడుకూ కోడలూ ఆవిడని పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నారు. మంచినీళ్లు కూడా చేతికి అందిస్తారు. "మెట్లు దిగకు, గుజ్జు ఇంకా అరుగుద్ది" అన్న మాట రోజూ వినిపిస్తుంది. హాస్పిటల్‌కో, ఎప్పుడైనా ఊరికో తప్ప కిందికి దిగింది లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా టీవీ ముందు కుర్చీ, లేదంటే మంచం. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే హాయిగా ఉందని రాత్రంతా దిండు. కాలు చాచలేకపోవడానికి ఆ దిండు సాయం చేసింది. బరువు ఐదు కిలోలు పెరిగింది, తొడ కండరం తగ్గింది. మోకాలిని నిలబెట్టేది, మెట్టు మీద పడే బరువుని ఓర్చుకునేది ఆ కండరమే. ఇక గుజ్జుకి నేరుగా రక్తనాళాలు ఉండవు. కీలు కదులుతూ, బరువు పడుతూ లేస్తూ ఉంటేనే దానికి పోషణ అందుతుంది. విశ్రాంతితో దాచిపెట్టగలిగేది కాదది.

ఈ మాట ముందు కొడుక్కి చెప్పాను. నచ్చలేదు. "అంటే మేం చూసుకోవడమే తప్పంటారా మేడం?" అన్నాడు. రెండు ఫిల్ములూ చేతికిచ్చి, తేడా చూపించమన్నాను. అతను ఇంజనీరు, చాలాసేపు చూశాడు. తర్వాత వాదించలేదు.

చేసింది

కరెంటు పెట్టనని మొండికేయలేదు. నైస్ మార్గదర్శకాలైతే మోకీలు అరుగుదలకి కరెంటు, అల్ట్రాసౌండ్ లాంటి మెషీన్లు ఇవ్వవద్దనే అంటున్నాయి, ప్రయోజనానికి సరైన ఆధారం లేదని. మా వృత్తిలో చాలామందికి ఇది మింగుడుపడదు, క్లినిక్ ఆదాయంలో పెద్ద వాటా మెషీన్లదే. కానీ ఆవిడ వచ్చిందే దానికోసం. మొదటి పది రోజులు ఎక్సర్‌సైజు అయ్యాక పావుగంట పెట్టాను. ఎప్పుడూ తర్వాతే, ఎప్పుడూ ముందు కాదు. ఆ తర్వాత ఆవిడే అడగడం మానేశారు.

మొదటి వారం దిండు తీసేయించాను. దానికి బదులు మడమ కింద చుట్టిన టవలు పెట్టి, మోకాలిని పరుపు వైపు నొక్కి ఐదు లెక్కపెట్టడం, పది పది చొప్పున రోజుకి మూడుసార్లు. పక్కకి తిరిగి పడుకుంటే దిండు రెండు మోకాళ్ల మధ్య. దాంతో రాత్రి పోటు వారంలోనే తగ్గడం మొదలైంది.

అసలు మందు కుర్చీలోంచి లేవడం. మామూలు ప్లాస్టిక్ కుర్చీ మీద రెండు దుప్పట్లు మడతపెట్టి ఎత్తు చేశాం. ఆ ఎత్తు నుంచి చేతులు ఆనించకుండా ఎనిమిదిసార్లు లేవగలిగారు. రోజు విడిచి రోజు ఎనిమిది చొప్పున రెండు విడతలు, తర్వాత మూడు. పది తేలికయ్యాక ఒక దుప్పటి తీసేయడం. ఐదో వారానికి దుప్పట్లు లేవు. దీంతోపాటు వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, పక్కకి కాలు చాపడం, తర్వాత ఒక ఇటుక ఎత్తు మెట్టు ఎక్కి దిగడం. కూర్చుని కాలు చాపే వ్యాయామానికి బరువు కావాల్సి వస్తే గుడ్డసంచిలో అరకిలో కందిపప్పు ప్యాకెట్లు వేసి చీలమండకి కట్టించాను. మొదట ఒకటి, పోనుపోను నాలుగు. చాలా ఇళ్లలో ఎక్సర్‌సైజులు ఫలించకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. మొదటి రోజు ఇచ్చిన కాగితమే ఆరు నెలల తర్వాత కూడా అవే పది చొప్పున చేస్తుంటారు. బరువు పెంచకపోతే కండరం పెరగదు, అరవై దాటినవాళ్లకైనా ఇరవైలో ఉన్నవాళ్లకైనా.

నొప్పికి ఒక నియమం చెప్పాను. చేసేటప్పుడు రూపాయిలో నలభై పైసలు దాటకూడదు. చేశాక పెరిగిన నొప్పి మర్నాడు పొద్దున కాఫీ వేళకి దిగిపోవాలి. దిగితే ఆ మోతాదు సరిపోయినట్టు, దిగకపోతే సగం చేయాలి, మానకూడదు. నొప్పి రావడమంటే చెడిపోవడం అని నమ్మిన మనిషికి ఈ నలభై పైసల అనుమతి చాలా పెద్దది. నాకు ఈ ఒక్క సంభాషణకే రెండు సిట్టింగులు పట్టింది.

ఇంకొకటి. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్సర్‌సైజులు చేస్తే షుగరు పడిపోవచ్చు. టిఫిను అయిన గంటకి చేయమన్నాను, దగ్గర బెల్లం ముక్క పెట్టుకోమన్నాను.

నడక మొదట వసారాలో, రోజుకి మూడుసార్లు ఆరేసి నిమిషాలు. మూడో వారం నుంచి పొద్దున ఒకసారి కిందికి దిగడం. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, చేయి రెయిలింగ్ మీద. అరిగిపోయి నున్నబడిన హవాయి చెప్పులు మార్పించాను. ఊళ్లో ఆవిడ పడుకునే నులక మంచం బాగా కిందికి కుంగి ఉంటుంది, దాని కోళ్ల కింద ఇటుకలు పెట్టమన్నాను. అక్కడ పాతకాలపు మరుగుదొడ్డి. దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ, గోడకి ఒక పట్టుకమ్మి పెట్టించారు. ఈ రెండూ లేక ఊరికి వెళ్లినప్పుడల్లా నీళ్లు తాగడం తగ్గించుకునేదాన్నని ఆవిడ కోడలితో చెప్పారట. నాతో చెప్పలేదు.

కోడలి పాత్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ అమ్మాయికి నేనిచ్చిన పని కష్టమైనది: అత్తగారికి మంచినీళ్లు అందించకపోవడం. చుట్టాలు చూస్తే ఏమనుకుంటారోనని మొదట టెన్షన్ పడింది. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం, మొక్కలకి నీళ్లు పోయడం అత్తగారి పనులయ్యాయి. "అత్తయ్యకి చెప్పింది డాక్టరమ్మే" అని నా పేరు వాడుకోమన్నాను.

తిండి విషయంలో పెద్ద ప్రణాళికేమీ లేదు. రాత్రి అన్నం సగం, సాయంత్రం టీవీ ముందు కారప్పూసకి బదులు ఉడికిన శనగలు, రోజూ ఒక గుడ్డు, పప్పు, పెరుగు. ఒక కిలో తగ్గితే అడుగుకి మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల దాకా తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక పరిశోధన చెబుతుంది. ఈ లెక్క ఆవిడకి నచ్చింది, పొగాకు తూకాలు చూసిన మనిషి కదా.

మధ్యలో వచ్చిన ఎదురుదెబ్బ

ఆరో వారంలో ఊళ్లో మేనకోడలి పెళ్లి. పసుపు దంచే రోజున అందరితోపాటు రెండు గంటలు నేల మీద కూర్చున్నారు, మర్నాడు రోజంతా నిలబడ్డారు. తిరిగొచ్చేసరికి కుడి మోకాలు వాచి ఉంది, నొప్పి రూపాయిలో ఎనభై పైసలు. "చూశారా మేడం, ఎక్సర్‌సైజులతో ఇంకా అరిగింది," అన్నాడు కొడుకు. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించాలని కూడా అనుకున్నారట.

వేడి, ఎరుపు, జ్వరం లేవని చూసుకుని, ఐస్ పెట్టించి, అన్ని వ్యాయామాలూ సగానికి తగ్గించాను. నడక మాత్రం చిన్న చిన్న ముక్కలుగా కొనసాగించాం. తొమ్మిదో రోజుకి మళ్లీ పాత మోతాదు. ఇలాంటి పోట్లు ఈ జబ్బులో వస్తూ పోతూ ఉంటాయి. వచ్చినప్పుడు మంచమెక్కితే మాత్రం నెల రోజుల కష్టం పోతుంది. ఒకసారి తన చేతులతో తాను దాటాక ఆవిడకి వచ్చిన ధైర్యం నేను చెప్పిన ఏ మాటతోనూ రాలేదు. తర్వాతి ఫంక్షన్‌కి కుర్చీ అడిగి వేయించుకున్నారు, నలుగురిలో అడగడానికి సిగ్గుపడలేదు.

ఫలితం

పన్నెండు వారాలకి మెట్లు దిగేటప్పుడు నొప్పి రూపాయిలో నలభై పైసలు. కుర్చీలోంచి లేవడం 30 సెకన్లలో 10 సార్లు. మూడు మీటర్ల నడక పరీక్ష 12 సెకన్లు. కుడి కాలు ఐదు డిగ్రీలు తప్ప పూర్తిగా చాచగలుగుతున్నారు. ఆరు నెలలకి లేవడం 12, బరువు 72 కిలోలు, నొప్పి ముప్పై పైసలు. పారాసెటమాల్ నెలలో మూడు నాలుగు రోజులు. రోజుకి రెండుసార్లు దిగి, వీధి చివర కూరగాయల బండి దాకా వెళ్లొస్తున్నారు.

మారనివి కూడా ఉన్నాయి. కింద కూర్చోలేరు, కూర్చుంటే సాయం లేకుండా లేవలేరు. పూజ కుర్చీలో కూర్చునే చేసుకుంటున్నారు, అది ఆవిడకి ఇప్పటికీ వెలితే. కాలి వంపు అలాగే ఉంది. ఎక్స్-రే మళ్లీ తీయించలేదు, తీయిస్తే మెరుగేమీ కనిపించదు. తిరుమల మెట్లెక్కాలని మొక్కు ఉందన్నారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, అందులో మోకాళ్ల పర్వతం దగ్గరి నిలువు మెట్లు వయసులో ఉన్నవాళ్లకే పరీక్ష. వద్దన్నాను. బస్సులో వెళ్లొచ్చారు.

ఇక ఆపరేషన్ సంగతి. మోకాలు మార్పిడి చెడ్డది కాదు, సరైన మనిషికి సరైన సమయంలో చేస్తే జీవితం తిరిగొస్తుంది. 2015లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక ట్రయల్‌లో మార్పిడికి అర్హులైన 100 మందిని రెండు జట్లు చేశారు. ఆపరేషన్‌తోపాటు వ్యాయామం చేసినవాళ్లకి నొప్పి ఎక్కువ తగ్గింది, తీవ్రమైన ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. వ్యాయామం, బరువు తగ్గడం, మందులతో నెట్టుకొచ్చిన 50 మందిలో ఏడాదిలోపు ఆపరేషన్‌కి వెళ్లింది 13 మంది. అంటే రెండు దారులూ నిజమైనవే. ఖర్చు అడిగితే, 2017 ఆగస్టులో కేంద్రం ఎక్కువగా వాడే కోబాల్ట్-క్రోమియం ఇంప్లాంట్ ధరకి రూ. 54,720 పరిమితి పెట్టిందని, అది ఇంప్లాంట్‌కే తప్ప హాస్పిటల్ బిల్లుకి కాదని కొడుక్కి చెప్పాను.

ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. ఎక్సర్‌సైజులు బరువు పెంచుతూ చేస్తున్నా రాత్రి నొప్పికి వరసగా నిద్ర పట్టకపోయినా, వీధి చివరిదాకా నడవలేకపోయినా, కాలి వంపు పెరుగుతున్నా సర్జన్ దగ్గరికి వెళ్తారు. అదీ ముందు కుడి మోకాలి కోసమే. ఎడమది మార్చాల్సిన అవసరం నాకు ఇప్పటికైతే కనిపించడం లేదు. అంతవరకు మూడు నెలలకోసారి వచ్చి కుర్చీ పరీక్ష ఇచ్చి వెళ్తారు. పోయినసారి 13 సార్లు లేచారు, కందిపప్పు ప్యాకెట్లు ఐదుకి పెంచాను.